బొడ్డుబిళ్ళ

హోసూరు బస్టాండు వెనక సందులో మాదప్పది కుట్టుమిషను అంగడి. వారమంతా రవికలు, లంగాలు, బడిపిల్లల నిక్కర్లు కుట్టేవాడు. ఆదివారం మాత్రం నాణేలకు జేబులు కుట్టేవాడు. పాత నాణేలు పోగుచేసే పిచ్చి ఉన్నవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు ఉండేవాళ్ళు. ఆ పిచ్చికి కావలసిన ఆల్బములు తొంభై ఏడులో హోసూరు అంగళ్ళలో దొరికేవి కావు. మాదప్ప బల్లల మీద పరిచే ప్లాస్టిక్కును చదరాలుగా కత్తిరించి, వెనక రెక్సిన్ వేసి, వరసగా చిన్న చిన్న జేబులు కుట్టి ఇచ్చేవాడు. ప్లాస్టిక్కు మిషను పాదానికి అంటుకుని ఒక పట్టాన జరగదు. అందుకని పేపరు ముక్క వేసి కుట్టి, తర్వాత కాగితాన్ని కుట్టు వెంబడే చించి తీసేవాడు. అట్లా కుట్టి కుట్టి, ఆ జేబుల్లోకి పోయేవాటి మీద తనకూ మనసు పడింది. పిచ్చి అంటుకోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు కదా.

వాళ్ళందరూ కలిసేది జయరామప్ప వాచీల అంగట్లో. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, వాచీలు రిపేరు చేసే బల్ల మీద పచ్చగుడ్డ పరిచేవాడు జయరామప్ప. వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. డబ్బు మాట ఎత్తకూడదు. నాణేనికి నాణెమే మారకం. ఇద్దరూ తమ తమ నాణేలు పచ్చగుడ్డ మీద పెట్టాలి. ఒకరిది ఒకరు తిప్పి చూసుకోవాలి. ‘సరేనా?’ అని ఒకరంటే ‘సరే’ అని రెండోవారు అనాలి. ఎదుటివాడి నాణెం ఎత్తి చొక్కా జేబులో వేసుకున్నాక మళ్ళీ ఆ ఊసు ఎత్తకూడదు. జేబులో పడ్డాక మనసు మారితే మనసును తిట్టుకోవాలి తప్ప మనిషిని కాదు.

ఆ ఆదివారం గోపీనాథ్ అనే బడిపంతులు టిప్పు కాలం నాటి ఏనుగు కాసు ఒకటి తెచ్చాడు. రూపాయి బిళ్ళంత రాగి కాసు. దాన్ని ఆయన చూపించిన తీరు చూస్తే ఏనుగునే నడిపించుకొచ్చినట్టు ఉంది. అందరూ ఆహా అన్నారు. మాదప్ప కూడా ఆహా అని ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేదు.

“ఇదేం పెద్దది సార్. మా రాయకోట తావ ఇంతకు రెండింతలుండాది. ఏనుగు తొండం పైకెత్తి ఉంటాది” అన్నాడు.

అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. జయరామప్ప కంటికి బిగించుకున్న అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. తొండం ఎత్తిన ఏనుగు కాసు వాళ్ళెవరి దగ్గరా లేదు.

“యాడ చూసినావప్పా?”

“మా నాగక్క పెద్దమ్మ తావ. కోట కింద పల్లెలో. అమ్మేది కాదులేన్నా అది. బొడ్డుబిళ్ళ.”

ఇక చెప్పక తప్పలేదు. పసిబిడ్డలు కొందరు ఏడ్చి ఏడ్చి బొడ్డు పైకి తెచ్చుకుంటారు. అప్పుడు బరువైన రాగిబిళ్ళ ఒకటి బొడ్డు మీద పెట్టి గుడ్డతో కట్టడం ఆ పల్లెల్లో వాడుక. కట్టి ఉంచితే కొన్నాళ్ళకు లోపలికి పోతుంది. ఆ బిళ్ళ నాగక్క దగ్గర ఉంటుంది. బిడ్డ పుట్టిన ఇంటికి పోతుంది, పని అయ్యాక నాగక్క ఇంటికి వస్తుంది. మాదప్పకూ కట్టారట. ‘నువ్వు ఏడ్చిన ఏడుపుకు నీ బొడ్డు వంకాయంత అయిపోయింది, ఎన్ని నెలలు బొడ్డుబిళ్ళ కట్టినామో’ అని నాగక్క ఎప్పుడు కనిపించినా నవ్వేది.

అయితే మాదప్ప చెప్పకుండా దాచుకున్నది ఇంకొకటి ఉంది. అతని తల్లి అక్కమ్మ, అతను నడక నేర్చే రోజుల్లోనే జ్వరం వచ్చి పోయింది. ఆమె ఫోటో లేదు. చీరలు ఎవరెవరో కట్టుకుని చించేశారు, గిన్నెలు చిన్నాన్నల ఇళ్ళకు పోయాయి. ఆమె ముఖం గుర్తుకు తెచ్చుకుందామంటే మాదప్పకు ఏమీ రాదు. ఆమె చెయ్యి తాకినది, తన ఒంటిని తాకినది, లోకంలో ఆ రాగిబిళ్ళ ఒక్కటే మిగిలింది. రాయకోట పోయినప్పుడల్లా నాగక్కను అడిగి దాన్ని కాసేపు చేతిలో పెట్టుకుని ఇచ్చేసేవాడు. ఒకే ఒక్కసారి ధైర్యం చేసి ‘నాకియ్యి పెద్దమ్మా’ అన్నాడు. ‘బిడ్డ లేని ఇంట్లో అది నిలవకూడదు నాయనా’ అని ఆమె డబ్బాలో వేసేసుకుంది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు గాని, అడగాలన్న కోరిక మాత్రం చావలేదు.

“ఊరికే ఒకసారి చూసొస్తాము” అన్నాడు జయరామప్ప. “కంటితో చూస్తే అరిగిపోతాదా?”

మాదప్ప సరేనన్నాడు. నిజం చెప్పాలంటే, తన బిళ్ళను ఇంత తెలిసిన మనిషి చూసి ఆహా అంటే వినాలని కూడా అతనికి ఉంది.

మంగళవారం వాచీల అంగడికి సెలవు. ఇద్దరూ రాయకోట బస్సెక్కారు. బస్సు నిండా టమాటా మండీకి పోయే ఖాళీ పెట్టెలు. జయరామప్ప ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా జేబు ఎడమపక్కకు కొంచెం బరువుగా వాలి ఉండడం మాదప్ప చూశాడు. దర్జీ కన్ను కదా, జేబు వాలితే చూడకుండా ఉండలేదు. అద్దం కాబోలు అనుకున్నాడు.

నాగక్క ఇంటి ముందు మేకల దొడ్డి. ఆమె వాకిట్లో కూర్చుని ఆముదం వెచ్చచేస్తూ ఉంది. డెబ్బై దాటిన మనిషి, అయినా వీపు వంగలేదు. చిన్నప్పటి నుంచి ఆ కోట వాలులో మేకలు కాసి కాసి గట్టిపడిన ఒళ్ళు.

“రాప్పా మాదప్పా, బాగుండావా? ఎవరీ నాయన?”

“హోసూర్లో వాచీలు బాగుచేసే అన్న పెద్దమ్మా. మన బొడ్డుబిళ్ళ చూడాలంటే పిలుచుకొచ్చినాను.”

“దాన్ని చూసేదానికి హోసూరు నుంచి వచ్చినారా!” అని నవ్వింది. “సమయానికే వచ్చినారు. మా భువనకు మగబిడ్డ. అచ్చం నీ మాదిరే, ఏడ్చి ఏడ్చి బొడ్డు తెచ్చుకున్నాడు. ఆదివారం పురుటి నీళ్ళు పోసినాక కట్టాల.”

భువన ఆమె మనవరాలు. లోపల చీకట్లో ఆమె బిడ్డను జోకొడుతున్న చప్పుడు వినిపించింది. నాగక్క రాగుల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి బిళ్ళను తీసింది. కొంగుతో దుమ్ము తుడిచి ముందు మాదప్ప చేతికి ఇచ్చింది. మాదప్ప దాన్ని అరచేతిలో పెట్టుకుని అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. ఎప్పుడూ చేసే పనే. మామూలుగా ఇంకాసేపు ఉంచుకునేవాడు. పక్కన జయరామప్ప చెయ్యి చాచి నిలబడి ఉండడంతో ఇచ్చేశాడు.

జయరామప్ప వెలుతురు కోసం దొడ్డి గోడ దాకా పోయి, వాళ్ళకు వీపు పెట్టి, కంటికి అద్దం బిగించాడు. చాలాసేపు చూశాడు. ఆహా అనలేదు. వెనక్కి వచ్చి తన చేత్తోనే బిళ్ళను నాగక్క చేతిలో పెట్టాడు. ఆమె దానివైపు చూడనైనా చూడకుండా రాగుల్లో వేసి మూత బిగించింది. ఆ తర్వాత ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. జయరామప్ప తాగకుండానే బస్సు వేళైందని తొందరపెట్టాడు.

తిరుగు బస్సులో టమాటా పెట్టెలు నిండుగా ఉన్నాయి. రాయకోట దాటి, కొండ కనుమరుగయ్యాక జయరామప్ప మాదప్ప మోకాలి మీద చెయ్యి పెట్టి గుప్పిలి విప్పాడు. తొండం ఎత్తిన ఏనుగు.

మాదప్పకు మొదట కలిగింది కోపం కాదు. ఆ బిళ్ళ హోసూరు వైపు, తన ఇంటివైపు పోతున్నదన్న సంతోషం. అది ఒక్క గుక్క ఊపిరి సేపే ఉంది గాని, ఉన్నమాట నిజం. ఆ తర్వాతే ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

“ఆ డబ్బాలో ఏముండాది మరి?”

“నా తావ రెండుండె గదా, పెద్ద ఏనుగు కాసులు, తొండం దించినవి. దాంట్లో ఒకటి. సైజు అదే, బరువూ అదే. ఆయమ్మకు బొడ్డు మీద పెట్టేదానికి ఏదైతే ఏమి?”

“దొంగతనం కదన్నా ఇది!”

“మెల్లగా మాట్లాడు” అన్నాడు జయరామప్ప. ఆయన గొంతులో తప్పు చేసిన జంకు లేదు. ఉన్నది ఒకరకమైన ఆవేశం. “చింతపండు వేసి తోముతా ఉండారు మాదప్పా దాన్ని. వెనకపక్క పార్సీ అక్షరాలు సగం పోయినాయి. ఇంగ పదేండ్లకు ఏనుగూ పోతాది. ఆ కొండ మీద దొరికిన కాసులన్నీ కంచరోళ్ళ కొలిమిలో చెంబులైపోయినాయి. నా కండ్లతో చూసినాను. ఒకటైనా మిగలద్దా? నేను ఎత్తుకోలేదు, కాపాడినాను. అయినా నాకోసం కాదులే. నీకే ఇస్తాను. నీ మనసు దాని మీద ఉండేది నాకు తెలీదా? మన పద్ధతి ప్రకారమే. నీ బంగారు పణం, ఆ చిన్న నాణెం, గుడ్డ మీద పెట్టి ఇది ఎత్తుకో.”

మాదప్ప కిటికీవైపు ముఖం తిప్పుకున్నాడు.

మరునాడు మాదప్ప ఒక రవికకు కుడిచెయ్యి ఎడమకు కుట్టాడు. రెండో చెయ్యి కుట్టబోతే సూది విరిగింది. మధ్యాహ్నం అన్నం తీసుకుని వచ్చిన సుధామణి ఆ రవికను ఎత్తి చూసి, మొగుడి ముఖం చూసి, గిన్నె కింద పెట్టింది.

“ఏమైంది మామా?”

అతను చెప్పాడు. నోరు జారడం దగ్గర నుంచి గుప్పిలి విప్పడం దాకా అంతా చెప్పాడు. బస్సులో కలిగిన సంతోషం గురించి కూడా చెప్పాడు. సుధామణి రవిక చెయ్యిని కుట్టు వెంబడి విప్పుతూ విన్నది.

“వాచీలాయన ఊరికే ఇయ్యడా?”

“ఇయ్యడు. పణం కావాలంట.”

ఆ పణం సంగతి సుధామణికి బాగా తెలుసు. గోరు కింద దాచుకోగలిగినంత చిన్న బంగారు నాణెం అది. కృష్ణగిరిలో ఒక కంసాలి దాన్ని కరిగించబోతుంటే మాదప్ప చూసి పట్టుకున్నాడు. దానికి బదులుగా ఆ కంసాలి ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఆ ఏడాదంతా రవికలు కుట్టి ఇచ్చాడు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు తక్కువేం కాదు. మాదప్ప దగ్గర ఉన్నవాటిలో ఎవరైనా నోరు తెరిచి చూసేది ఆ ఒక్కటే. దాన్ని హోమియోపతి మందు సీసాలో దూది మీద పెట్టి ఉంచాడు.

“ఆ రవికలకు హుక్కులు, కాజాలు ఎవరు కుట్టినారు?” అన్నది సుధామణి.

“నువ్వే.”

“అట్లయితే పణంలో సగం నాది. నా సగం నేను ఇచ్చేసినాను. నీ సగం నువ్వు చూసుకో.”

అతను తలెత్తి చూశాడు. ఆమె పళ్ళతో దారం తెంపుతూ ఉంది.

“తెచ్చి ఏం చేస్తావు కానీ? మనింట్లో పెట్టుకుంటావా?”

మాదప్ప విరిగిన సూదిని మిషను నుంచి ఊడదీయసాగాడు. ఆమె మళ్ళీ అడగలేదు. విప్పిన రవిక చెయ్యిని మోకాలి మీద సాపుగా పరిచి అతని ముందుకు జరిపి, “ముందు అన్నం తిను” అన్నది.

గురువారం సాయంత్రం మాదప్ప వాచీల అంగడికి పోయాడు. జయరామప్ప అతన్ని చూసి ఏమీ అనకుండా బల్ల మీది చక్రాలు, ముళ్ళు ఒక మూతలోకి ఊడ్చి, పచ్చగుడ్డ పరిచాడు. మాదప్ప సీసా మూత తీసి, పణాన్ని వేలికొసకు అంటించుకుని గుడ్డ మీద దించాడు. పచ్చటి గుడ్డ మీద అది ఒక ఆవగింజంత వెలుగు. జయరామప్ప ఏనుగు బిళ్ళను దాని పక్కన పెట్టాడు. ఎన్నేళ్ళుగానో ఆ పణం కోసం అడుగుతున్నాడు పాపం. దాన్ని పట్టకారుతో ఎత్తి, కంటికి అద్దం బిగించి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సరేనా?” అన్నాడు.

మాదప్ప బిళ్ళను తిప్పి చూడలేదు. “సరే” అని ఎత్తి జేబులో వేసుకున్నాడు.

“దానికి ప్లాస్టిక్కు జేబు వద్దు. మందంగా గుడ్డ పెట్టి కుట్టుకో. గాలి తగలకూడదు. చింతపండు జన్మలో తగలకూడదు.”

“ఆదివారం పెద్దమ్మకు ఇచ్చేస్తాను.”

జయరామప్ప అద్దం తీసి అతన్ని మామూలు కంటితో చూశాడు. “పిచ్చి పట్టిందా నీకు? పణం పోగొట్టుకుని, మళ్ళా రాగుల డబ్బాలో వేసొస్తావా?”

“అది ఆడ ఉండాల్సిందే కదన్నా.”

“పణం నా జేబులో పడిపోయింది మాదప్పా. నేను వెనక్కి ఇచ్చేది లేదు.”

“నేను అడగలేదన్నా.”

జయరామప్ప పచ్చగుడ్డను నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. “ఆదివారాలు వస్తావు కదా?” అన్నాడు చివరికి. మాదప్ప మెట్టు దిగుతూ, “జేబులు కావాలంటే చెప్పి పంపించన్నా, కుట్టి ఇస్తాను” అన్నాడు. తన గొంతులో అంత మర్యాద ఉండడం అతనికే కొత్తగా అనిపించింది.

శుక్రవారం, శనివారం బిళ్ళ అతని దగ్గరే ఉంది. చొక్కా జేబులో వేసుకుని మిషను తొక్కితే, తొక్కినప్పుడల్లా అది రొమ్ము మీద తట్టుతూ ఉండేది. గిరాకీ వచ్చి కొలత ఇస్తుంటే మధ్యలో చెయ్యి జేబు మీదికి పోయేది. ఉందా అని చూసుకోవడం, ఉంది అని సంతోషపడడం, ఆదివారం వస్తుందని దిగులుపడడం. రెండు రోజులూ అదే పని అయింది.

శనివారం మధ్యాహ్నం సుధామణి రేషను అంగడికి పోయింది. మాదప్ప ఇంటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. చొక్కా గుండీలు విప్పి బిళ్ళను బొడ్డు మీద పెట్టుకున్నాడు. చల్లగా తగిలి కడుపు ముడుచుకుపోయింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని నవ్వు కూడా వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి రాగి ఒంటి వేడికి వచ్చింది. తర్వాత అక్కడ బిళ్ళ ఉన్నదో లేదో కూడా తెలియలేదు. ఒక చెయ్యి వస్తుందేమోనని చూశాడు. ముఖం రాకపోయినా ఫరవాలేదు, గాజుల చప్పుడైనా వస్తే చాలు అనుకున్నాడు. బయట ఎవరో మంచినీళ్ళ కుళాయి దగ్గర పోట్లాడుకుంటున్నారు. అంతకు మించి ఏమీ రాలేదు. అయినా అతను అట్లాగే పడుకున్నాడు, లేస్తే జారిపోతుందని.

సుధామణి వచ్చేసరికి మిషను ముందు కూర్చుని ఉన్నాడు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె చించి, బిడ్డ నడుముకు సరిపడే పట్టీ ఒకటి కుట్టాడు. దారం గుచ్చుకోకుండా అంచులు లోపలికి మడిచి కుట్టాడు. మధ్యలో బిళ్ళ పట్టేంత గుండ్రటి జేబు, రెండు కొసల్లోనూ నాడాలు. నాణేలకు కుట్టిన జేబులన్నిటిలోకీ అది బాగా కుదిరింది. సుధామణి దాన్ని చెంపకు ఆనించి చూసి, “మెత్తగా ఉండాది” అన్నది.

ఆదివారం అతను పోయేసరికి పురుటి నీళ్ళు పోసి, బిడ్డను చేటలో పాతచీర మీద పడుకోబెట్టారు. సాంబ్రాణి వాసన ఇంకా పోలేదు. చుట్టాలు వాకిట్లో భోజనాలు చేస్తున్నారు. లోపల నాగక్క, భువన, బిడ్డ. నాగక్క అప్పటికే డబ్బాలో నుంచి బిళ్ళను తీసి పెట్టుకుంది.

“పెద్దమ్మా, అది కట్టద్దు. అది మనది కాదు. ఇదే మనది.”

జేబులో నుంచి తీసి ఆమె ముందు పెట్టాడు. జరిగిందంతా చెప్పాడు. పణం సంగతి మాత్రం చెప్పలేదు. నాగక్క రెండు బిళ్ళలనూ రెండు చేతుల్లోకి తీసుకుంది. మొదట ఆమెకు అర్థం కాలేదు, అర్థమయ్యాక ఇంకా ఆశ్చర్యపోయింది.

“ఏంటికి ఎత్తుకుపోయినాడు? వాళ్ళింట్లో బిడ్డ పుట్టిందా?”

“లేదు పెద్దమ్మా.”

“మరి వానికేంటికి?”

మాదప్ప పచ్చగుడ్డ గురించి, తొండం గురించి, పార్సీ అక్షరాల గురించి ఆమెకు చెప్పబోయి ఊరుకున్నాడు.

“అడక్కుండా ఎత్తుకుపోయేది తప్పే. కానీ దీనికోసం నువ్వు ఇంత తిరగాల్నా నాయనా?” నాగక్క చేతులు పైకీ కిందికీ ఆడించి చూసింది. “బరువు రెండూ ఒకటే మాదిరి ఉండాయి. వాడు పెట్టిపోయిందైనా పనిచేస్తాది.”

“కాదు పెద్దమ్మా. నాకు కట్టింది ఇదే కదా. మా అమ్మ...” తొండం ఎత్తిన బిళ్ళను వేలితో చూపించాడు. “మా అమ్మ చెయ్యి తగిలింది దీనికే కదా. అందుకని.”

నాగక్క నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగింది. బిళ్ళలు రెండూ చేటలో బిడ్డ పక్కన పెట్టింది.

“నీకు కట్టింది ఇది కాదు నాయనా.”

“బొడ్డుబిళ్ళ కట్టినాము అని నువ్వే అంటివి కదా?”

“కట్టినాము. కానీ ఆ బిళ్ళ యాడుండాదిప్పుడు? నీకు కట్టింది వేరే బిళ్ళ. నున్నగా ఉండె, ఏనుగూ లేదు ఏమీ లేదు. నువ్వు రొంత పెద్దోడైనాక మన బైరప్ప వాళ్ళు కూలికని బెంగుళూరు పోయినారే, వాళ్ళ బిడ్డ నడుముకే ఉండి పోయింది. వాళ్ళు మళ్ళా రాలేదు. తర్వాత ఇంగోటి, అది మేకల దొడ్డిలో పోయె. ఇది వాన పడినాక కోట వాలులో నా కాలికి తగిలింది. అప్పుడు నీకు మీసాలు వచ్చినాయి.” ఆమె కొంచెం ఆగి అన్నది. “బొడ్డుబిళ్ళ అంటే ఏదో ఒక బిళ్ళే కదప్పా. పోతే ఇంగోటి పెడతాము. నువ్వు దాన్ని పట్టుకుని కూర్చుంటా ఉంటే, ఏనుగు బాగుందని చూస్తా ఉండావు అనుకుంటి.”

మాదప్ప కిందికి చూశాడు. చేటలో రెండు రాగి ఏనుగులు పక్కపక్కన పడి ఉన్నాయి. ఒకటి తొండం ఎత్తింది, ఒకటి దించింది. ఇన్నేళ్ళూ అంచు చుట్టూ తిప్పిన వేలు, నిన్న చాప మీద కళ్ళు మూసుకుని ఎదురుచూసిన చూపు, దూది మీది పణం, అన్నీ ఒక్కసారి గుర్తుకు వచ్చాయి. పణం పోయినందుకు బాధ లేదు. అమ్మ రెండోసారి పోయినట్టు అనిపించింది. మొదటిసారి పోయినప్పుడు అతనికి ఊహ తెలియదు. ఇప్పుడు తెలుసు.

బిడ్డ ఏడుపు అందుకున్నాడు. ముఖం ఎర్రబడింది, కడుపు బిగిసింది, బొడ్డు పైకి ఉబికింది. నాగక్కకు ఇక వేరే విషయం లేదు.

“భువనా, కాళ్ళు పట్టుకో. మాదప్పా, చేతులు కడుక్కుని రా.”

అతను కడుక్కుని వచ్చాడు. పట్టీ తీసి ఇస్తే ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. “బాగా కుట్టినావు. కానీ జేబులో పెడితే బిళ్ళ ఆడతాది నాయనా. ఒంటికి తగలాల. పైన దీన్ని చుట్టుకుందాము.” ఆమె బిడ్డ మీదికి వంగి, కుడిచేతి బొటనవేలిని బొడ్డు మీద ఆనించింది. గోరు అరిగి, కణుపు లావైన వేలు అది. బిడ్డ ఏడ్చి ఏడ్చి ఊపిరి విడిచే సందు కోసం కాచుకుని, మెల్లగా లోపలికి అణిచి అట్లాగే పట్టుకుంది.

“ఇంగ బిళ్ళ జరుపు. నేను వేలు తీస్తా ఉంటే దాని వెనకాలే రావాల. సందు ఇస్తే మళ్ళా పైకొస్తాది.”

మాదప్ప చేటలో చెయ్యి పెట్టి అందిన బిళ్ళను తీసుకున్నాడు. అది ఏ ఏనుగో చూడలేదు. ఆమె వేలి పక్కన ఆనించాడు. బిడ్డకు నొప్పి పుడుతుందేమోనని జరపకుండా అక్కడే ఆపేశాడు.

“మీ అమ్మకూ అంతే” అన్నది నాగక్క, బిడ్డ మీద నుంచి చూపు తిప్పకుండా. “నీ ఏడుపు చూసి ఆయమ్మకు అణిచే ధైర్యం రాలేదు. అణిచేది నేను. బిళ్ళ మాత్రం ఇంగొకరిని ముట్టనియ్యదు, తనే జరపాల. దినామూ ఇట్లనే. ఈ వేలు తీస్తా ఉంటే, అక్కమ్మ వేలు ఇట్లనే దీనికి ఆనుకుని ఈ పక్క నుంచి వచ్చేది. భయంతో ఎప్పుడూ చల్లగా ఉండేది. జరుపు, జరుపు.”

అతను జరిపాడు. ముసలి బొటనవేలు వెనక్కి పోతూ ఉంటే, దాని పక్కనే ఆనుకుని అతని వేలు ముందుకు వచ్చింది. గరుకుగా, వెచ్చగా ఉంది ఆ బొటనవేలు. కణుపు దగ్గర చర్మం ముడతలు పడి ఉంది. ఆ ముడతల మీదుగా అతని వేలు జారి, బిళ్ళ బొడ్డు మీద కూర్చుంది. నాగక్క పట్టీ చుట్టి నాడాలు ముడివేసింది. ఖాళీ జేబు పైకి కనిపిస్తూ ఉంది. భువన ఎత్తుకోగానే బిడ్డ ఎక్కిళ్ళు పెట్టి పెట్టి ఏడుపు ఆపాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి.

రెండో బిళ్ళను నాగక్క అతనివైపు జరిపింది. “ఇది నువ్వు ఎత్తుకో నాయనా. ఈడ ఒకటి చాలు.”

మాదప్ప దాన్ని తీసి రాగుల డబ్బాలో వేశాడు. చెయ్యి వెంటనే బయటికి తీయలేదు. చల్లటి రాగుల్లో వేళ్ళు ఉంచుకుని కాసేపు కూర్చున్నాడు. వాకిట్లో నుంచి ఎవరో అతన్ని భోజనానికి పిలిచారు. అతను లేవలేదు.

“పెద్దమ్మా, బిళ్ళ సరిగా కూర్చోలేదు” అన్నాడు. “రొంత పక్కకు పోయినట్టుండాది. ఇంగోసారి పెడదామా?”

భువన పట్టీ మీద చెయ్యి పెట్టి తడిమి, “బాగానే ఉంది మామా, నడిమధ్యనే ఉంది” అన్నది.

నాగక్క తడమలేదు. మాదప్ప ముఖంలోకి చూసింది. తర్వాత బిడ్డను మనవరాలి చేతుల్లో నుంచి తీసుకుని, మళ్ళీ చేటలో పడుకోబెట్టి, నాడాల ముడి విప్పింది.